చేప ప్రేగులోని సూక్ష్మజీవులు - మేతను బట్టి వాటి మేలు, కీడు

చేపల చెరువు గల రైతు తెల్లవారగనే గట్టుపైకి వచ్చి, గడలకు కట్టిన మేత సంచులను చూచుకొనును. సంచి ఖాళీ అయినచో సంతోషించును. చేపలు బాగుగా మేయుచున్నవని తలచును. కాని సంచి ఖాళీ అగుట వేరు, తిన్న మేత చేపకు ఒంటబట్టుట వేరు. చేపల పెంపకములో మొత్తము ఖర్చులో సగమునకు పైగా మేతకే అగుచున్నది. అట్టి మేత ఒంటబట్టకున్నచో ఆ సొమ్ము చెరువు అడుగున బురదగా మారును. పంట చేతికి వచ్చునప్పటికి అప్పు మాత్రము మిగులును.

తిన్న మేత ఒంటబట్టుటకు చేపకు తోడ్పడు పనివారు కొందరు దాని ప్రేగులోనే ఉన్నారు. వారు కంటికి కానరారు. వారే సూక్ష్మజీవులు. ఒక గ్రాము ప్రేగు పదార్థములో అవి కోట్లకొలదిగా ఉండును. వీటిలో మేలు చేయునవి ఉన్నవి, అదను చూచి కీడు చేయునవియు ఉన్నవి. వీటిలో ఏవి పెరుగవలెను, ఏవి తగ్గవలెను అనునది చాలవరకు మీరు వేయు మేతను బట్టి ఉండును. ఈ సంగతి తెలిసిన రైతు మేత విషయమున జాగ్రత్త పడును. అంగడిలో దొరకు పొట్లములకు అనవసరముగా డబ్బు పోయడు.

దొడ్డిలోని గేదెను తలచుకొనుడు

ఈ సంగతి పశువులున్న రైతుకు కొత్త కాదు. గేదె ఎండుగడ్డి తిని పాలిచ్చుచున్నది. గడ్డిలోని పీచును అరిగించు శక్తి గేదెకు స్వతహాగా లేదు. దాని పెద్దపొట్టలోని సూక్ష్మజీవులే ఆ పీచును పులియబెట్టి, గేదెకు పనికివచ్చు ఆహారముగా మార్చుచున్నవి. అందుచేతనే పశువుకు ఉన్నట్టుండి ధాన్యము ఎక్కువగా పెట్టినచో పొట్ట ఉబ్బి జబ్బుపడును. పొట్టలోని సూక్ష్మజీవుల పొత్తు చెడుటయే దీనికి కారణము.

చేపలోను ఇట్టి ఏర్పాటే ఉన్నది, కాని చిన్న ఎత్తున. గేదె పొట్టలో మేత ఒకటి రెండు దినములు నిలుచును. చేప ప్రేగులోనుండి మేత కొన్ని గంటలలోనే బయటకు పోవును. కనుక గేదె పొట్టలోని సూక్ష్మజీవులు చేసినంత పని చేప ప్రేగులోనివి చేయజాలవు. ఈ భేదమును మరువరాదు. ఊక, పొట్టు వంటివి వేసి, సూక్ష్మజీవులే వాటిని అరిగించునులే అనుకొనుట పొరపాటు.

చేపను బట్టి ప్రేగు

మన చెరువులలో పెంచు బొచ్చె, శీలావతి, ఎర్రమోసు చేపలు మూడును ఒకే జాతి కుటుంబమునకు చెందినవి. బొచ్చె నీటి పైభాగమున తిరుగుచు నీటిలోని చిన్న జంతుజాలమును తినును. శీలావతి నడుమ నీటిలో తిరుగుచు నాచు, కుళ్ళిన ఆకు అలము తినును. ఎర్రమోసు అడుగున చేరి, బురదలోని కుళ్ళు పదార్థమును తినును. ఈ చేపలకు మనకున్నట్టి జీర్ణాశయము లేదు. గొంతులోని పండ్లతో నమలిన మేత తిన్నగా ప్రేగులోనికే పోవును. శీలావతి పొట్ట చీల్చి ప్రేగును సాగదీసి చూడుడు. అది చేప పొడవుకు ఎన్నో రెట్లు ఉండును. ఆకు అలము తిను చేపకు మేత అరుగుటకు పొడవైన దారి కావలెను గదా!

కొర్రమీను సంగతి వేరు. అది చిన్న చేపలను, పురుగులను పట్టి తినును. దానికి జీర్ణాశయము ఉన్నది, ప్రేగు పొట్టిది. జీర్ణాశయములో ఊరు ఆమ్లము, మింగిన సూక్ష్మజీవులలో చాలవాటిని చంపును. బొచ్చె, శీలావతి, ఎర్రమోసులకు ఆ కాపలా లేదు. మేతతోను నీటితోను లోనికి పోయిన సూక్ష్మజీవి ప్రాణముతోనే ప్రేగును చేరగలదు. బూజు పట్టిన చెక్క, కుళ్ళిన తవుడు ఈ చేపలకు వేయరాదనుటకు ఇదియొక కారణము.

ఇవి ఎక్కడనుండి వచ్చును?

గ్రుడ్డులోనుండి అప్పుడే వెలువడిన చేపపిల్ల ప్రేగులో సూక్ష్మజీవులు ఉండవు. నోరు తెరచుకొని నీరు, ఆహారము మింగుట మొదలుపెట్టినది మొదలు అవి లోనికి చేరును. కనుక నారుమడి వంటి నర్సరీ చెరువులోని నీరు, మొదటి మేత ఎంత శుభ్రముగా ఉన్నచో పిల్లకు అంత మంచిది.

నీటిలోనున్న ప్రతి సూక్ష్మజీవియు ప్రేగులో నిలువదు. చేప తనకు తగినవానినే నిలుపుకొనును. దీనిని తెలిపిన పరిశోధనలు చిత్రమైనవి. మన దేశపు కాలువలలో, వరిచేల పక్కన కనిపించు చారల చేప ఒకటి కలదు. దీనిని జీబ్రాచేప అందురు. ఇది పిల్లకాయల వ్రేలంత ఉండును. దీనిని సూక్ష్మజీవులు లేకుండ ప్రయోగశాలలో పెంచవచ్చును. అమెరికా శాస్త్రజ్ఞులు 2006లో ప్రచురించిన పరిశోధనలో ఎలుక ప్రేగులోని సూక్ష్మజీవులను ఇట్టి చేపలకును, చేప ప్రేగులోనివానిని అట్లే పెంచిన ఎలుకలకును ఎక్కించి చూచిరి. చేపలోనికి పోయిన ఎలుక సూక్ష్మజీవుల పాళ్ళు మారి చేపకు తగినట్లు కుదురుకొన్నవి. ఎలుకలోనికి పోయినవి ఎలుకకు తగినట్లు మారినవి. 2011లో వెలువడిన మరియొక పరిశోధనలో, భారతదేశమున సహజముగా పెరిగిన జీబ్రాచేపల ప్రేగులలోను, ప్రయోగశాలలో పెరిగినవాని ప్రేగులలోను ముఖ్యమైన రకములు చాలవరకు ఒక్కటేనని తేలినది.

అనగా ఏ రకములు ఉండవలెనో చేప శరీరము కొంత నిర్ణయించుచున్నది. వాటిలో ఏది ఎంత ఉండవలెనో మేత నిర్ణయించుచున్నది. మొదటిది మన చేతిలో లేదు. రెండవది మన చేతిలో ఉన్నది.

మేత మారిన ఏమగును?

2012లో అమెరికాలోనే జీబ్రాచేపలపై జరిగిన పరిశోధన దీనికి మంచి నిదర్శనము. మేత తిన్న చేపల ప్రేగులో ఫర్మిక్యూట్స్ అను తెగ సూక్ష్మజీవులు పెరిగినవి. పస్తున్నవాటిలో అవి తగ్గినవి. ఈ తెగ సూక్ష్మజీవులు ఉన్నచో ప్రేగు గోడ కొవ్వును ఎక్కువగా పీల్చుకొన్నది. ఇందులో రైతు గ్రహింపవలసినది ఒకటి ఉన్నది. మేత వలన సూక్ష్మజీవులు పెరుగును. పెరిగిన ఆ సూక్ష్మజీవుల వలన తరువాత వేయు మేత ఒంటబట్టును. రెండు దినములు మేత మాని, మూడవ దినమున మూడింతలు వేసినచో ఈ వరుస తప్పును. ఆకలిగొన్న చేప ఆబగా తినును, కాని అరిగించుకొను ఏర్పాటు అప్పటికి సిద్ధముగా ఉండదు.

గడ్డిచేప మరియొక నిదర్శనము. ఇది చైనా ప్రాంతపు చేప. 1959లో హాంగ్‌కాంగ్ నుండి మన దేశమునకు తెచ్చిరి. ఇది గడ్డిని, నీటిమొక్కలను ఎంతయో తినును. దీని ప్రేగులో పీచును విడగొట్టు సూక్ష్మజీవులు కలవు. అయినను తిన్న గడ్డిలో చాలభాగము అరుగకయే బయటకు వచ్చును. ఆ పేడ వలన చెరువు నీరు సారవంతమై ఇతర చేపలకు ఆహారము పెరుగును. కనుకనే ఇతర చేపలతో కలిపి దీనిని పెంచుట లాభము. గడ్డినే తిని బ్రతుకు చేపకే పీచు పూర్తిగా అరుగనప్పుడు, శీలావతికి ఊక కలిపిన తవుడు ఎట్లు అరుగును?

శాంతినికేతన పరిశోధనలు

మన దేశమున ఈ విషయమై శాంతినికేతనములోని విశ్వభారతి విశ్వవిద్యాలయమున మంచి కృషి జరిగినది. అచ్చటి శాస్త్రజ్ఞులు శీలావతి పిల్లల ప్రేగునుండి బాసిల్లస్ అను జాతి సూక్ష్మజీవులను వేరుచేసిరి. ఇవి పిండిపదార్థమును, మాంసకృత్తులను, పీచును విడగొట్టు రసములను తయారుచేయునని కనుగొనిరి. ఈ రసములనే ఎంజైములు అందురు.

వారు అంతటితో ఆగలేదు. మన రైతులకు పరిచితమైన సుబాబుల్ ఆకును ఎండబెట్టి పొడిచేసి, దానిని ఈ సూక్ష్మజీవులతో పులియబెట్టిరి. సుబాబుల్ ఆకులో మాంసకృత్తులు ఉన్నను, పీచు ఎక్కువ, మిమోసిన్ అను విషపదార్థము కూడ కలదు. పులియబెట్టిన పిమ్మట ఇవి తగ్గినవి. పచ్చి ఆకుపొడి కలిపిన మేతకంటె, పులిసిన ఆకుపొడి కలిపిన మేత తిన్న శీలావతి పిల్లలు బాగుగా పెరిగినవి. ఈ ఫలితములు 2004లో వెలువడినవి. అంతకుముందే 1999లో తెలకపిండిని పెరుగుజాతి సూక్ష్మజీవితో పులియబెట్టి ఇట్టి పరిశోధనయే చేసిరి. తెలకపిండిలో ఖనిజములను చేపకు అందనీయని ఫైటిక్ ఆమ్లము కలదు. పులిసిన పిండిలో అది తగ్గిపోయినది.

ఇందులోని కిటుకు ఏమనగా, చేప ప్రేగులో మేత నిలుచు కాలము తక్కువ కనుక, ప్రేగులో జరుగవలసిన పనిలో కొంత బయటనే ముందుగా జరిపించుట. మన యిండ్లలో ఇడ్లీపిండి పులియబెట్టుట ఇట్టిదే. అయితే ఏ సూక్ష్మజీవితో ఎంతసేపు పులియబెట్టవలెనో లెక్క ఉన్నది. తడిపి మూలను పడవేసిన పిండి పులిసినది కాదు, కుళ్ళినది. దానిని చెరువులో వేయరాదు.

విటమిను తయారుచేయు సూక్ష్మజీవి

మంచినీటి చేపల ప్రేగులలో సీటోబాక్టీరియం అను మరియొక సూక్ష్మజీవి కలదు. ఇది బి-12 విటమినును తయారుచేయును. రక్తము పట్టుటకు ఈ విటమిను అవసరము. జపాను శాస్త్రజ్ఞులు పలు మంచినీటి చేపలను పరీక్షించిరి. బంగారు తీగ, తిలాపియా వంటి చేపల ప్రేగులలో ఈ జాతి సూక్ష్మజీవి పుష్కలముగా కనిపించినది. ఈ చేపలకు మేతలో బి-12 వేరుగా కలుపవలసిన పని లేదు. మలుగుపాము జాతి చేపలోను, అమెరికా దేశపు పిల్లిచేపలోను అది కనిపించలేదు. వాటికి మాత్రము మేతలో ఈ విటమిను కావలెను.

బి-12లో కోబాల్టు అను లోహము లేశమాత్రము ఉండును. కోబాల్టు లేనిదే సూక్ష్మజీవి ఈ విటమినును చేయలేదు. మేతలో కలుపు ఖనిజ మిశ్రమములో ఇది ఉన్నదో లేదో సంచిపై చూచుకొనుడు.

ప్రేగులోని శత్రువు

మేలుచేయు వాటి నడుమనే శత్రువు కూడ పొంచి ఉండును. ఏరోమోనాస్ అను సూక్ష్మజీవి చెరువు నీటిలోను, ఆరోగ్యముగానున్న చేప ప్రేగులోను మామూలుగనే ఉండును. చేప బలముగా నున్నంతకాలము అది ఏమియు చేయలేదు. నీటిలో ప్రాణవాయువు తగ్గినను, చేపలు క్రిక్కిరిసినను, వలలో గాయపడినను, మేత చెడి ప్రేగు గోడ దెబ్బతిన్నను అది విజృంభించును. ఒంటిపై ఎర్రమచ్చలు, పుండ్లు కనిపించును. పొట్ట నీరుపట్టి ఉబ్బును, పొలుసులు లేచి నిలుచును. రైతు ఇది బయటనుండి వచ్చిన జబ్బు అనుకొనును. చాలసార్లు అది లోననే ఉన్నది. మనమే దానికి తలుపు తెరచితిమి.

ఇట్టి సమయమున కొందరు ఎవరో చెప్పిరని యాంటీబయాటిక్ మందులను మేతలో కలుపుదురు. కొందరు జబ్బు రాకముందే కలుపుదురు. ఇది రెండువిధముల నష్టము. ఆ మందు శత్రువుతోపాటు ప్రేగులోని పనివారిని కూడ చంపును. ఖాళీ అయిన తావున మందుకు లొంగని మొండి సూక్ష్మజీవులు చేరును. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ జాతి మందులను చేపల, రొయ్యల పెంపకములో వాడుట మన దేశమున నిషేధము. ఏ మందైనను మత్స్యశాఖవారి సలహా లేనిదే వాడరాదు.

రైతు చేయవలసిన పనులు

1. మేత ప్రతిదినము ఒకే వేళకు వేయవలెను. నెలకొకసారి వల వేసి, కొన్ని చేపలను తూచి, చెరువులోని మొత్తము బరువును అంచనా కట్టి మేత లెక్క వేసికొనవలెను. ఎకరములో 1,000 కిలోల చేప ఉన్నదనుకొందము. నూటికి 2 వంతుల చొప్పున దినమునకు 20 కిలోల మేత అగును. అందులో దినమునకు 4 కిలోలు చేప తినక బురదపాలయినను నెలకు 120 కిలోలు వ్యర్థము. అది చాలక ఆ కుళ్ళు నీటిని కూడ చెరచును.

2. మేత సంచి కట్టిన రెండు గంటలకు ఎత్తి చూడవలెను. మేత మిగిలియున్నచో మరునాడు తగ్గించవలెను. మబ్బు పట్టిన దినములలో, చలి ఎక్కువైనప్పుడు, తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోరు తెరచుచున్నప్పుడు మేత తగ్గించవలెను, లేదా మానవలెను. చేప శరీరపు వేడి నీటి వేడిని బట్టి ఉండును. నీరు చల్లబడినచో అరుగుదల మందగించును.

3. మేతను ఒక్కసారిగా మార్చరాదు. తవుడు, చెక్కనుండి గుళికల మేతకు మారునప్పుడు మొదట నాలుగవ వంతు, తరువాత సగము, ఆ పిమ్మట ముప్పాతిక చొప్పున వారము పదిదినములలో మార్చవలెను. ప్రేగులోని సూక్ష్మజీవులు క్రొత్త మేతకు కుదురుకొనుటకు వ్యవధి కావలెను.

4. బూజుపట్టిన వేరుశనగ చెక్కను ఎంత చౌకగా వచ్చినను కొనరాదు. 1960లో ఇంగ్లండులో ఇట్టి వేరుశనగ చెక్క తిని లక్షకు పైగా టర్కీ కోళ్ళు చనిపోయినవి. అఫ్లాటాక్సిన్ అను బూజు విషము అప్పుడే బయటపడినది. ఇది చేప కాలేయమును కూడ చెరచును. మేత బస్తాలను నేలకు, గోడకు తగులకుండ బల్లలపై పేర్చి, తడి తగులకుండ చూడవలెను.

5. నూనె తీసిన తవుడు ఒక్కటే వేసినచో కడుపు నిండును గాని ఒళ్ళు పెరుగదు. వేరుశనగ చెక్క గాని, ప్రత్తిగింజల చెక్క గాని, దానితోపాటు ఖనిజ మిశ్రమమును తగుపాళ్ళలో కలుపవలెను. చెక్క మితిమీరి వేసినను నష్టమే. ఒంటబట్టని మాంసకృత్తులు నీటిలో అమోనియాగా మారి మొప్పలను బాధించును.

6. తూకమునకు పట్టిన చేపలలో ఒకదానిని కోసి ప్రేగును చూడవలెను. ప్రేగు మేతతో నిండి, గోడ శుభ్రముగా ఉన్నచో మంచిది. ఖాళీగా ఉండి జిగురు పట్టినను, ఎర్రబడినను, గాలితో ఉబ్బి దుర్వాసన కొట్టినను మేతలోనో నీటిలోనో లోపమున్నది. వెంటనే మత్స్యశాఖ సిబ్బందికి చూపవలెను.

పొట్లములను గూర్చి ఒక మాట

ప్రోబయాటిక్ అను పేర మేలుచేయు సూక్ష్మజీవుల పొట్లములు అంగళ్ళలో అమ్ముచున్నారు. ఇవన్నియు మోసమని చెప్పుట తగదు. శీలావతి ప్రేగునుండి తీసిన బాసిల్లస్‌ను మేతలో కలిపి, శీలావతి పిల్లలు బాగుగా పెరుగుట శాంతినికేతన శాస్త్రజ్ఞులే చూచిరి. కాని పొట్లములో ఏ సూక్ష్మజీవి ఉన్నది, ప్రాణముతో ఎన్ని ఉన్నవి, గడువు ఎప్పటిది అనునవి సంచిపై లేనిదే కొనరాదు. ఎండలో నిలువయుంచిన పొట్లములో ప్రాణముతోనున్నవి తగ్గిపోవును. యాంటీబయాటిక్‌తో కలిపి వేసినను, బ్లీచింగు పొడి చల్లిన దినముననే వేసినను డబ్బు వ్యర్థము. ఇంకొకటి. బయటనుండి వేసిన సూక్ష్మజీవులు సాధారణముగా ప్రేగులో శాశ్వతముగా కాపురముండవు. వేయుట మానిన కొలది దినములకే తగ్గిపోవును.

కొనదలచినచో ముందు మీరే పరీక్షించి చూడుడు. ఒకే తీరుగానున్న రెండు చెరువులలో ఒకదానికి కలుపుడు, రెండవదానికి మానుడు. మేత, నీరు, పిల్లల సంఖ్య సమానముగా ఉండవలెను. రెండు నెలలు తూకములు వ్రాసిపెట్టుడు. పెరిగిన బరువు విలువ పొట్లముల ఖర్చును మించినచో వాడుడు. లేనిచో మానుడు. అమ్మకము చేయువాని మాటకంటె మీ లెక్కపుస్తకము నమ్మదగినది.

గ్రామాధికారులకు ఒక మనవి. ఆంధ్రప్రదేశములో 2020లో చేపల మేత నాణ్యత నియంత్రణ చట్టము వచ్చినది. నాసిరకము మేతను గూర్చి రైతులు ఫిర్యాదు చేసినచో, ఆ మేత మచ్చును, రసీదును జాగ్రత్తపరచి మత్స్యశాఖకు పంపుటలో తోడ్పడవలెను. పంచాయతీ చెరువులు పాటకు తీసికొన్నవారికి కూడ ఈ సంగతులు తెలియజెప్పవలెను.

పట్టుబడి నాడు

చేప చచ్చిన పిమ్మట ప్రేగులోని సూక్ష్మజీవులు చావవు. అంతవరకు మేతను అరిగించినవే ఇక చేపనే అరిగించ మొదలుపెట్టును. పొట్టవైపున మొదట మెత్తబడుటకు ఇదియు ఒక కారణము. కనుక పట్టుబడికి ముందుదినము మేత మానవలెను. ప్రేగు ఖాళీగానున్న చేప ఎక్కువసేపు నిలువయుండును. పట్టిన వెంటనే శుభ్రమైన నీట కడిగి ఐసులో పెట్టవలెను. ఇంట కోయునప్పుడు ప్రేగు చితుకకుండ తీసివేసి, మాంసమును మరల కడుగవలెను.

రైతు సోదరులారా! నేలలోని వానపాములను, పెద్దపొట్టలోని సూక్ష్మజీవులను మనము చూడకున్నను వాటి మేలు అనుభవించుచున్నాము. చేప ప్రేగులోని పనివారును అట్టివారే. వారికి జీతము ఇవ్వనక్కరలేదు. వేళకు మంచి మేత, శుభ్రమైన నీరు ఇచ్చినచో చాలును. ఈ సాయంకాలము మేత గదిలోనికి పోయి, అడుగు బస్తా ఒకటి విప్పి, పిడికెడు చెక్క తీసి వాసన చూడుడు. ముక్కిన వాసన వచ్చినచో ఆ బస్తాను రేపటి మేతలో కలుపకుడు. ఆ బస్తా ఖరీదు మీకు నష్టమే అగును. కాని దానిని వేసినచో కలుగు నష్టము అంతకంటె పెద్దది.